ఏ జట్టు గురించి మాట్లాడుతున్నారు?

మా రాయదుర్గం బస్టాండు పక్కన ఒక టీకొట్టు ఉంది. బళ్ళారి బస్సు ఆలస్యమైనప్పుడల్లా నేను అక్కడే నిలబడతాను. ఆడమనిషి టీకొట్టు ముందు గ్లాసు పట్టుకుని నిలబడితే ఒకప్పుడు వింతగా చూసేవాళ్ళు. ఇన్నేళ్ళు ఇక్కడి బడిలో పాఠాలు చెప్పాక, అక్కడికొచ్చే వాళ్ళలో సగం మంది నా దగ్గర ఎక్కాలు అప్పజెప్పినవాళ్ళే కాబట్టి ఇప్పుడు బెంచీ మీద చోటు కూడా ఇస్తున్నారు.

2025 ఆగస్టు మొదటి వారంలో ఒక సాయంత్రం అక్కడ పెద్ద వాదన నడుస్తోంది. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లలో పనిచేసే కుర్రాళ్ళు, ఇద్దరు ఆటోవాళ్ళు, బెంగుళూరులో కొన్నాళ్ళు ఉండి అక్కడి ఫుట్‌బాల్ పిచ్చి అంటించుకొచ్చిన ఒక అబ్బాయి. దేశం జట్టుకు కోచ్‌గా ఎవరు ఉండాలన్నది గొడవ. ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను నియమించారు. వచ్చిన దరఖాస్తులు 170. చివరికి మిగిలినవాళ్ళు ముగ్గురు: జమీల్, ఇదివరకు రెండుసార్లు మన జట్టును నడిపిన స్టీఫెన్ కాన్‌స్టాంటైన్, స్లొవేకియాకు చెందిన స్టెఫాన్ టార్కొవిచ్. 13 ఏళ్ళ తర్వాత మళ్ళీ ఒక భారతీయుడికి ఆ పదవి దక్కింది.

"బయటోడొచ్చి ఏం జేసినాడన్నా? స్టిమాచ్ ఐదేండ్లుండె. ఖతార్‌తో ఓడిపోయినాక పంపించేసిరి. ఆ తర్వాత వచ్చినోడు ఏడాదికే పాయె" అని ఒకడు. "మనోడైతే మాత్రం? చేతిలో మంచి ఆటగాళ్ళు లేకుంటే ఎవడేం జేస్తాడు?" అని ఇంకొకడు. స్పెయిన్ మహా ఆటగాడు చావి పేరుతో కూడా దరఖాస్తు వచ్చిందని పేపర్లో వేశారు. అది ఎవరో పిల్లవాడు ఆకతాయితనంగా పంపిన ఉత్తరమని తర్వాత తేలింది. దాని మీద కాసేపు నవ్వులు. నడుమ ఎవరో రహీం సాబ్ పేరెత్తారు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా దేశం జట్టును నడిపిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి బంగారు పతకం. 2024లో సినిమా వచ్చాక ఈ తరానికి ఆయన కొంచెం తెలిశాడు. ఆయన కూడా బడిపంతులేనని తెలిసి వాళ్ళు నా వైపు కాస్త గౌరవంగా చూశారు. ఉచితంగా వచ్చిన గౌరవం, కాదనలేదు.

"మేడం, మీరు చెప్పండి, ఎవరైతే బాగుంటాది?" అని అడిగారు.

"ఏ జట్టుకప్పా?" అన్నాను.

"ఇండియా జట్టుకు మేడం."

"ఇండియాకు రెండు జట్లు ఉండాయి కదప్పా. మీరు ఏ జట్టు గురించి మాట్లాడతాండారు?"

వాళ్ళకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. తర్వాత బెంగుళూరు అబ్బాయి "ఓ, ఆడోళ్ళదా" అన్నాడు. వెక్కిరింపు లేదు ఆ మాటలో, నిజంగానే గుర్తు రాలేదు. "వాళ్ళకు కోచ్ ఎవరో తెలీదు మేడం" అని ఒప్పుకున్నాడు.

ఆ మాట అన్న రోజుకు నెల ముందు, జులై 5న, థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మన ఆడపిల్లలు ఆతిథ్య జట్టును 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సంపాదించారు. రెండు గోళ్ళూ సంగీతా బాస్ఫోర్ కొట్టింది. అంతకు ముందు మంగోలియా మీద 13, తైమూర్ మీద 4, ఇరాక్ మీద 5. నాలుగు ఆటల్లో 24 గోళ్ళు కొట్టి ఒక్కటి ఇచ్చారు. అర్హత పోటీలు ఆడి గెలిచి ఆ కప్‌కు వెళ్ళడం మన మహిళల జట్టుకు అదే మొదటిసారి. మగవాళ్ళ జట్టేమో అదే ఏడాది అక్టోబరు 14న గోవాలో, సొంత గడ్డ మీద, సింగపూర్ చేతిలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్ ఆశ వదులుకుంది. ఓడిన జట్టు కోచ్ గురించి ఊరూరా చర్చ. గెలిచిన జట్టు కోచ్ పేరు ఎవరికీ తెలియదు. ఆయన పేరు క్రిస్పిన్ ఛెత్రి.

ఆ జట్టులో మన తెలుగు పిల్ల కూడా ఉందని చెప్తే టీకొట్టులో ఎవరూ నమ్మలేదు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య. 2022లో క్రొయేషియాకు వెళ్ళి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికైంది.

ఇదంతా మగవాళ్ళ మీద ఒక చురక వేసి చేతులు దులుపుకోవడానికి రాయడం లేదు. నిజం చెప్పాలంటే ఆ టీకొట్టు కుర్రాళ్ళను చూస్తే నాకు అసూయ కలిగింది. వాళ్ళు అడుగుతున్నవన్నీ సరైన ప్రశ్నలే. కోచ్ ఎవరు? ఎక్కడ నేర్చుకున్నాడు? ఇదివరకు ఎవరికి నేర్పాడు? ఆటగాళ్ళతో ఎట్లా ఉంటాడు? తప్పు చేస్తే ఎవరు తీసేస్తారు? తమకు ఏ సంబంధమూ లేని, ఎప్పుడూ చూడని పదకొండుమంది మగవాళ్ళ కోసం ఇన్ని ప్రశ్నలు అడుగుతున్నారు. మన కడుపున పుట్టిన ఆడపిల్లను ఒక కోచ్ చేతిలో పెట్టి పంపేటప్పుడు మనం ఇందులో ఒక్క ప్రశ్న అయినా అడిగామా?

నేను అడగలేదు.

మా అక్క కూతురు ఎనిమిదో తరగతిలో ఫుట్‌బాల్ మొదలుపెట్టింది. అనంతపురం జిల్లాలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడటం కొత్త కాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ అనంతపురంలో స్పోర్ట్స్ విలేజ్ కట్టి, పల్లె పిల్లలకు, అందులో ఆడపిల్లలకు కూడా, ఆటలు నేర్పిస్తోంది. కానీ రాయదుర్గం నుంచి అనంతపురం సుమారు వంద కిలోమీటర్లు. మా పిల్ల నేర్చుకున్నది బడి వెనక ఎర్రమట్టి నేల మీద, చెప్పుల్లేకుండా. వాన పడని ఊళ్ళో గ్రౌండు బురద అవుతుందన్న బాధ లేదు. అదొక్కటే మాకున్న సౌకర్యం.

పదిహేనేళ్ళప్పుడు ఒక శిక్షణ శిబిరానికి ఎంపికైంది. అది ఎక్కడ జరిగింది, ఎవరు నడిపారు అన్నది ఇక్కడ అనవసరం. మా అక్క భయపడింది. నేనే ధైర్యం చెప్పి, అనుమతి పత్రం నింపి, మా అక్క వేలిముద్ర పక్కన సాక్షి సంతకం పెట్టి పంపాను. బస్సు ఛార్జీ ఎంత, తిండి ఎవరు పెడతారు, సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగాను. కోచ్ ఎవరని అడగలేదు. అక్కడ ఆడమనిషి ఎవరైనా ఉంటారా అని అడగలేదు.

ఆమె పది రోజుల శిబిరానికి వెళ్ళి నాలుగో రోజు తిరిగొచ్చింది. "ఆట ఇష్టం లేదు" అన్నది. అంతకు మించి ఒక్క మాట లేదు. అసలు సంగతి నాకు చెప్పడానికి నాలుగేళ్ళు పట్టింది. ముప్పైమంది ఆడపిల్లలకు అక్కడ అందరూ మగ కోచ్‌లే. ఉన్న ఒక్క ఆడమనిషి వంటామె. మూడో రోజు పొద్దున ముట్టయింది. ఎవరికి చెప్పాలి? వంటామెకు చెప్పింది. వంటామె భయపడుతూ కోచ్‌కు చెప్పింది. ఆయన అందరి ముందు "ఈ సాకులు నా దగ్గర నడవవు, మైదానం చుట్టూ పది రౌండ్లు కొట్టు" అన్నాడు. ఆమె కొట్టింది. శిబిరం వాళ్ళు ఇచ్చినవి తెల్ల నిక్కర్లు.

ఇంతే జరిగింది. చెయ్యి వెయ్యలేదు, చట్టానికి దొరికే పని ఏదీ చెయ్యలేదు. ఇంతకంటే ఘోరాలు జరుగుతున్న దేశంలో దీన్ని చెప్పుకోవడానికి కూడా సిగ్గేస్తుందని ఆమె అన్నది. కానీ ఒక పిల్ల ఆట అక్కడితో ఆగిపోయింది. 2023 ప్రపంచ కప్‌కు ముందు ఇంగ్లండు మహిళల జట్టు ఇదే కారణం చెప్పి తెల్ల నిక్కర్లు మార్పించుకుని నీలం రంగువి వేసుకుంది. పేరు మోసిన క్రీడాకారిణులు అడిగితే కంపెనీ మార్చింది. రాయదుర్గం పిల్ల ఎవరిని అడగాలి?

ఘోరాల సంగతి కూడా చెప్పుకోవాలి. 2022లో మన అండర్-17 బాలికల జట్టు, అదే ఏడాది మన దేశంలోనే జరగబోయే ప్రపంచ కప్ కోసం, యూరప్ పర్యటనలో ఉంది. మధ్యలోనే ఆ జట్టు సహాయ కోచ్‌ను లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ మీద వెనక్కి పిలిపించి, తర్వాత పదవి నుంచి తొలగించారు. పదిహేను, పదహారేళ్ళ పిల్లలు. దేశం కాని దేశంలో. పెద్ద కోచ్ ఎవరన్న దాని మీద మాత్రమే మన దృష్టి. కానీ పిల్లలతో రోజంతా గడిపేది సహాయ కోచ్‌లు, ఫిజియోలు, మేనేజర్లు. వాళ్ళ గురించి ఏ టీకొట్టులోనూ చర్చ జరగదు. 2023లో మల్లయోధురాళ్ళు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నెలకు పైగా రోడ్డు మీద కూర్చున్నప్పుడు అడిగింది కూడా ఇదే కదా: మా మీద అధికారం ఎవరికిచ్చారు, ఆ అధికారం మీద అదుపు ఎవరికుంది?

చట్టం లేదా అంటే ఉంది. పని చేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టంలో 'పని ప్రదేశం' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో క్రీడా సంస్థలు, స్టేడియాలు, శిక్షణ ఇచ్చే చోట్లు, పోటీలు జరిగే చోట్లు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట అయితే జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు 2012 పోక్సో చట్టం ఉంది. నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం ఆ చట్టం కింద నేరమే. ఈ సంగతి మా సంఘం సమావేశంలో చెప్పినప్పుడు, పిల్లల్ని ఆటలకు పంపే తల్లులు ఎనిమిది మంది ఉంటే, ఒక్కరికీ తెలియదు. తప్పు వాళ్ళది కాదు. గ్రౌండు గోడ మీద ప్రకటనలు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు ఉంటాయి గానీ ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో రాసిన బోర్డు నేను ఎక్కడా చూడలేదు.

ఆడవాళ్ళే కోచ్‌లుగా ఉంటే అంతా బాగుపడుతుందా అని అడిగేవాళ్ళుంటారు. మా సంఘంలోనే ఒకామె అడిగింది: "అత్తలు ఆడోళ్ళు గాదా? కోడండ్లకు ఏం జరగతాండాదో సూస్తానే ఉండాం గదా." కాదనలేం. ఛెత్రి మగవాడే, ఆయన ఆధ్వర్యంలోనే మన అమ్మాయిలు చరిత్ర సృష్టించారు. నేను అడుగుతున్నది ఆడా మగా అన్న ఒక్క లెక్క కాదు. ఆడేవాళ్ళ మాటకు విలువ ఉందా అన్నది.

స్పెయిన్‌లో ఏం జరిగిందో చూడండి. 2022 సెప్టెంబరులో 15 మంది క్రీడాకారిణులు, తమ ఆరోగ్యం దెబ్బతింటోందని, పరిస్థితి మారేదాకా తమను జట్టుకు పిలవవద్దని ఫెడరేషన్‌కు రాశారు. కోచ్ హోర్హే విల్దా. ఫెడరేషన్ ఏమంది? తప్పు ఒప్పుకుని క్షమాపణ చెబితేనే మళ్ళీ ఆడనిస్తామంది. కోచ్ ఉన్నాడు, అమ్మాయిలు ఎక్కువమంది బయటే ఉండిపోయారు. 2023 ఆగస్టు 20న స్పెయిన్ ప్రపంచ కప్ గెలిచింది. చూశారా, కోచ్ మంచివాడే అన్నారు. అదే వేదిక మీద ఫెడరేషన్ అధ్యక్షుడు రుబియాలెస్ క్రీడాకారిణి హెన్నీ ఎర్మోసో తల పట్టుకుని బలవంతంగా ముద్దు పెట్టాడు. ప్రపంచమంతా చూసింది. అప్పుడు గానీ ఆ అమ్మాయిలు ఏడాది ముందు రాసిన ఉత్తరాన్ని మళ్ళీ తీసి చదవలేదు. సెప్టెంబరులో విల్దాను తీసేశారు, రుబియాలెస్ దిగిపోయాడు, 2025లో కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. విల్దా చోట మోంత్సె తొమె వచ్చింది. ఆ జట్టుకు తొలి మహిళా కోచ్.

కప్పు గెలిచినా గెలవకపోయినా ఆ ఉత్తరం నిజమే. మన దగ్గర ఒక ఇంట్లో కోడలు బాధపడుతుంటే "ఇల్లు బాగానే నడుస్తోంది కదా" అంటారు చూడండి, అట్లాంటిదే ఆ గెలుపు సాక్ష్యం.

ఇక ఆడ కోచ్‌లు ఎక్కడున్నారన్న ప్రశ్న. "మేం పెడదామంటే అర్హులు దొరకడం లేదు" అన్నది మనం అన్ని చోట్లా విన్న పాటే. పంచాయతీల్లో రిజర్వేషన్లు వచ్చినప్పుడు కూడా ఇదే అన్నారు. దొరకక కాదు. మహిళల ప్రపంచ కప్ 1991 నుంచి 2023 దాకా తొమ్మిది సార్లు జరిగితే నాలుగు సార్లు గెలిచిన జట్టును నడిపింది స్త్రీలే: జర్మనీకి టీనా టొయ్నె, సిల్వియా నైడ్, అమెరికాకు జిల్ ఎలిస్ రెండుసార్లు. అప్పటికి కోచ్‌లలో ఆడవాళ్ళు చాలా తక్కువ. 2023లో 32 జట్లకు 12 మంది మహిళా కోచ్‌లు ఉంటే అదే రికార్డు అన్నారు. మగవాళ్ళ జట్టును నడపలేరంటారా, హాంగ్‌కాంగ్‌లో చాన్ యుయెన్-టింగ్ అనే ఇరవయ్యేడేళ్ళ అమ్మాయి 2016లో ఈస్టర్న్ అనే మగవాళ్ళ క్లబ్బును లీగ్ విజేతను చేసింది.

మన దేశంలోనూ ఉన్నారు. మన మహిళల జట్టు 1970ల నుంచి ఆడుతోంది. ఆసియా పోటీల్లో 1980లో, 1983లో రెండో స్థానంలో నిలిచింది. శాంతి మల్లిక్‌కు 1983లో అర్జున అవార్డు వచ్చింది. అయినా సీనియర్ మహిళల జట్టుకు తొలిసారి ఒక స్త్రీ కోచ్ అయింది 2017లో. మేమోల్ రాకీ. ఆమె ఆధ్వర్యంలో 2019లో శాఫ్ కప్పు, దక్షిణాసియా క్రీడల బంగారం రెండూ వచ్చాయి. 2021లో తప్పుకుంది. తర్వాత మణిపూర్‌కు చెందిన లంగమ్ చావోబా దేవి 2024 ఫిబ్రవరిలో టర్కీ కప్‌లో జట్టును రెండో స్థానం దాకా తీసుకెళ్ళింది. ఎస్టోనియాను ఓడించింది. సీనియర్ మహిళల జట్టు ఒక యూరప్ దేశం మీద గెలవడం అదే మొదలు. ఆ ఏడాది గడవకముందే ఆమె చోట సంతోష్ కశ్యప్, ఆయన చోట స్వీడన్ నుంచి అలెగ్జాండర్సన్, 2025 ఫిబ్రవరికి ఛెత్రి. ఏడాదికి నలుగురు కోచ్‌లు. మగవాళ్ళ జట్టుకు ఇట్లా చేస్తే టీకొట్టు కప్పు ఎగిరిపోయేది.

పై స్థాయిలో ఆడవాళ్ళు లేకపోవడానికి కారణం కింద మెట్టు దగ్గరే ఉంది. కోచ్ కావాలంటే లైసెన్సులు కావాలి. డి, సి, బి, ఏ, చివర ప్రో. ఒక్కో మెట్టుకు ఫీజు కట్టాలి, ఊరు వదిలి వెళ్ళి ఉండాలి, ఆ రోజులకు కూలి పోతుంది. మధ్యలో ఏదో ఒక జట్టుకు నేర్పిన అనుభవం చూపించాలి. పెళ్ళయి, పిల్లలుండి, ఇంటి చాకిరీ మొత్తం నెత్తిన ఉన్న స్త్రీ ఆ మెట్లెక్కాలంటే ఆమె మొగుడో అత్తో పిల్లల్ని చూసుకోవాలి. మగ కోచ్ జీవిత చరిత్రలో ఈ పేజీ ఉండదు. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా సమాఖ్యల కార్యవర్గాల్లో కనీసం నలుగురు స్త్రీలు ఉండాలంటోంది. మంచిదే. ఆ నలుగురూ ఈ కింది మెట్టు గురించి నోరు తెరిస్తే ఇంకా మంచిది.

మా అక్క కూతురికి ఇప్పుడు ఇరవైనాలుగేళ్ళు. జీన్స్ యూనిట్‌లో జేబులు కుడుతుంది. లెక్క పీసుకింత. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం బడి వెనక ఎర్రనేల మీద నలుగురు పిల్లల్ని పోగేసి బంతి తన్నడం మొదలుపెట్టింది. ఇప్పుడు పద్దెనిమిది మంది. ఆ ఆగస్టు సాయంత్రం టీకొట్టులో నాతో వాదించిన ఆటో అబ్బాయి తన కూతుర్ని తీసుకొచ్చి వదిలిపెట్టాడు. వదిలిపెట్టి ఊరికే పోలేదు. ఎన్నింటికి మొదలవుతుంది, ఎన్నింటికి అయిపోతుంది, నీళ్ళు ఎక్కడ, పోటీలకు పోతే నువ్వే వెంట పోతావా అని అన్నీ అడిగాడు. వాణ్ణి చూసి తల్లులూ మొదలుపెట్టారు. ముట్టయితే ఏం చేస్తావు అని ఒకామె అందరి ముందే అడిగింది.

"చిన్నమ్మా, వీళ్ళు నన్ను ఇంటర్వ్యూ చేస్తాండారు" అని రాత్రి నాతో అంది. మొహంలో మాత్రం సంతోషం దాగలేదు.

డి లైసెన్సు కోర్సుకు దరఖాస్తు నింపుతున్నాం. ఊరు దాటి పోవాలి, కొన్ని రోజులు అక్కడే ఉండాలి. ఈసారి పేపరు మీద సంతకం పెట్టే ముందు నేనే ఫోన్ చేసి అడిగాను. అక్కడ నేర్పేది ఎవరు, ఉండే చోట ఆడవాళ్ళు ఎవరుంటారు, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అని. అవతలి మనిషి "ఇవన్నీ ఎవరూ అడగరండీ" అన్నాడు. అడుగుతున్నాం రాసుకోండి అన్నాను. మూడింటిలో రెండింటికి జవాబు వచ్చింది. మూడోదానికి మళ్ళీ ఫోన్ చెయ్యాలి. ఫీజు, పోయే కూలి కలిపి సంఘం నుంచి ఎంత ఇవ్వగలమన్నది వచ్చే నెల సమావేశంలో తేల్చుకోవాలి.